భయం దానంతటదే పోతుందా?

ఎనిమిదేళ్ల పిల్లాడికి బడి ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి. సెలవు రోజున ఉండదు. పరీక్షలన్నీ చేయించారు, ఏమీ తేలలేదు. వాడి తాతగారికీ, పిల్లల మానసిక వైద్యంలో పనిచేసే ఆయన అన్న కూతురికీ మధ్య జరిగిన వాదన ఇది.

బాబాయ్: చిన్నప్పుడు భయం లేనిదెవరికమ్మా? మాకు మాస్టారంటే భయం, చీకటంటే భయం. పోలేదూ? దానికో జబ్బు పేరు తగిలించడం ఎందుకు?

అమ్మాయి: చీకటంటే భయపడి, కాసేపటికి నిద్రపోతే నేనూ పట్టించుకోను బాబాయ్. వీడు నెలల తరబడి బడి ఎగ్గొడుతున్నాడు, స్నేహితుల ఇంటికీ వెళ్లడం లేదు. ఆ కడుపునొప్పి నటన కాదు. ఆందోళన ఎక్కువైతే నిజంగానే నొప్పెడుతుంది.

బాబాయ్: అందుకేగా కోడలు ఇంట్లో ఉంచుతోంది! ఏడుస్తున్న బిడ్డని గేట్లోకి తోసేసి రమ్మంటావా?

అమ్మాయి: తోసేయమనను, ఉంచేయమనీ అనను. ఇంట్లో ఉండిపోగానే వాడి గుండెదడ తగ్గుతుంది. తప్పించుకున్నాను కాబట్టే గండం గడిచిందని మనసు నమ్ముతుంది. మర్నాడు భయం ఇంకాస్త పెద్దదవుతుంది. ముందు గేటు దాకా, తర్వాత ఒక్క పీరియడ్, ఆపైన సగం పూట. భయం వేస్తున్నా నిలబడి, ఏమీ కాలేదని వాడే చూసుకోవాలి. ఆలోచననీ ప్రవర్తననీ మెల్లగా మార్చే మాటల చికిత్స, అదే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ప్రాణం ఇదే.

బాబాయ్: చివరికి మాత్రలే మింగిస్తారు.

అమ్మాయి: అందరికీ కాదు. 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మందితో అమెరికాలో చేసిన పరిశోధన 2008లో వచ్చింది. థెరపీ ఒక్కటే ఇస్తే సుమారు 60 శాతం మంది బాగా మెరుగయ్యారు, ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ మాత్ర ఒక్కటే ఇస్తే 55, రెండూ కలిపితే 81. ఉత్తుత్తి మాత్రతో 24. భయం బాగా తీవ్రంగా ఉంటే మందు గురించి డాక్టరుతో మాట్లాడతాం.

బాబాయ్: వీడు ఆ థెరపీ గదిలోకే రానంటే?

అమ్మాయి: అన్నయ్యా వదినా వస్తారు. యేల్ యూనివర్సిటీలో ఎలి లెబోవిట్జ్ రూపొందించిన 'స్పేస్' పద్ధతిలో శిక్షణంతా తల్లిదండ్రులకే. 2020లో వచ్చిన పరిశోధనలో అది పిల్లలకు నేరుగా ఇచ్చే థెరపీకి తీసిపోలేదు.

బాబాయ్: అంటే తప్పంతా పెంపకానిదే! ఆ పిల్ల ఇప్పటికే తనని తాను తిట్టుకుంటోంది.

అమ్మాయి: వదిన వల్ల వచ్చిందనలేదు బాబాయ్. 'ఏం కాదు కదమ్మా?' అని వాడు పదేపదే అడుగుతాడు, వదిన ప్రతిసారీ 'ఏం కాదు' అంటుంది. 'భయంగా ఉందని తెలుసురా, అయినా నువ్వు తట్టుకోగలవు' అని ఒక్కసారి చెప్పి ఊరుకోవాలి. కన్నతల్లికి అది ఎంత కష్టం! అందుకే ఆవిడకీ తోడు కావాలి.

(ఇక్కడ నేను అమ్మాయి పక్షమే. పిల్లాణ్ణి లోపలికి పిలిచి, తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టేస్తే ఇంట్లో జరగాల్సిన పని ఎవరికీ తెలియకుండా పోతుంది.)

బాబాయ్: బడివాళ్లు ఒప్పుకోవద్దూ?

అమ్మాయి: అడుగుదాం. నొప్పి ఎప్పుడొస్తోంది, అప్పుడు ఇంట్లో ఏం చేస్తున్నారు అన్నది రాసి పెట్టుకుంటే టీచరుకీ డాక్టరుకీ చెప్పడం తేలిక.

బాబాయ్: నలుగురిలో పేరు పడిపోతుందన్న దిగులు నాకింకా పోలేదమ్మా.

అమ్మాయి: నలుగురికీ చెప్పక్కర్లేదు. గేటు దాకా అయితే నువ్వే తీసుకెళ్తావా?

బాబాయ్: ఏడిస్తే?

అమ్మాయి: కాస్త తగ్గేదాకా వాడితో అక్కడే నిలబడు. ఏడుస్తుండగా మాత్రం వెనక్కి తీసుకురాకు.