మినిమమ్ అమౌంట్ డ్యూ గారి సముఖమునకు

క్రెడిట్ కార్డు బిల్లులో "ఈ నెలకి కనీసం ఇంత కడితే చాలు" అనే అంకెగా వెలసిన మహారాజశ్రీ మినిమమ్ అమౌంట్ డ్యూ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం లేదు. అక్కడ మీ కుశలానికి ఢోకా లేదని నెలనెలా స్టేట్‌మెంట్ చెబుతూనే ఉంది.

ఈ మధ్యాహ్నమంతా మీ కస్టమర్ కేర్ వారి సంగీతం విన్నాను. నేను అడిగింది పెద్ద వరమేమీ కాదు. వడ్డీ కాస్త తగ్గించండి, లేదా ఉన్న బాకీనంతా తక్కువ వడ్డీకి ఈఎంఐలుగా మార్చండి, బుద్ధిగా కట్టేస్తాను అన్నాను. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి లైను మార్చి మార్చి, చివరికి ఒకావిడ ఎంతో మర్యాదగా తేల్చింది: "మీరు మినిమమ్ డ్యూ టైముకి కడుతున్నారు కదా మేడమ్, మీకు ప్రాబ్లమ్ ఏమీ లేదు. ఆ స్కీము పేమెంట్ తప్పిన వాళ్లకే." అంటే బాకీ తీర్చే దారి చూపించాలంటే నేను ముందు ఎగ్గొట్టాలన్నమాట. ఫోన్ పెట్టేసిన కాసేపటికే మెసేజ్ వచ్చింది. శుభాకాంక్షలట, నా క్రెడిట్ లిమిట్ పెరిగిందట.

అందుకని ఇక మధ్యవర్తులతో పని లేదని నేరుగా మీకే రాస్తున్నాను.

లేట్ ఫీజు మీద నాకంత కోపం లేదు. అది పగవాడిలా వస్తుంది, పగవాడిలా పోతుంది. రికవరీ ఏజెంటు కూడా అంతే, వాడి గొంతు వినగానే విషయం తెలిసిపోతుంది. మీరు అలా కాదు. ఆప్తుల్లా వస్తారు. యాప్ తెరిస్తే మూడు గడులు. మొదటిది మొత్తం బాకీ, చూస్తేనే గుండె జారిపోతుంది. రెండోది మీరు, నేను నొక్కకముందే టిక్కు పెట్టుకుని కూర్చుని ఉంటారు. మూడోది "ఇతర మొత్తం" అనే ఖాళీ గడి, లేత బూడిద రంగులో, ఉందో లేదో అన్నట్టు. మీ పక్కన ఆకుపచ్చ బటన్. నొక్కగానే కాగితం పూలు ఎగురుతాయి, "పేమెంట్ సక్సెస్‌ఫుల్" అంటుంది. ఎవరికి సక్సెసో మాత్రం చెప్పదు.

ఇప్పుడు మీ లెక్క మీకే చెబుతాను, వినండి. బాకీ 1,00,000 అనుకుందాం. వడ్డీ నెలకు 3 శాతం. వినడానికి చిన్నగానే ఉంటుంది, చక్రవడ్డీ వేసి చూస్తే ఏడాదికి 42 శాతం దాటుతుంది. మీరు అడిగేది బాకీలో 5 శాతం. అంటే మొదటి నెల 5,000 కడతాను. అందులో 3,000 వడ్డీకే సరి. బాకీ తగ్గేది 2,000. సరే, మెల్లగానైనా తగ్గుతోంది కదా అనుకుంటానా, వచ్చే నెల మీరు 4,900 చాలంటారు. పై నెల ఇంకొంచెం తక్కువ చాలంటారు. ఎంత దయ!

ఆ దయకి ఖరీదు కట్టి చూశాను. కార్డు మీద ఒక్క వస్తువు కూడా కొత్తగా కొనకుండా, మీరు అడిగినంతే కడుతూ పోతే, 34 నెలలు గడిచాక కూడా సగం బాకీ అలాగే ఉంటుంది. అప్పటికి నేను కట్టింది 1,24,000 పైమాటే. తీసుకున్నదానికన్నా ఎక్కువ కట్టి, ఇంకా సగం బాకీ ఉన్నాను!

అదే మొదటి నెల అడిగిన 5,000నే పట్టుకుని, మీరు తగ్గించినా నేను తగ్గించకుండా కడితే? 31 నెలల్లో మొత్తం బాకీ తీరిపోతుంది. మొత్తం! మొదటి నెల జేబులోంచి పోయేది రెండు దారుల్లోనూ ఒకటే. తేడా అంతా ఆ తర్వాత మీరు చూపించే దయలో ఉంది. ఈ ముక్క ఆ ఆకుపచ్చ బటన్ పక్కన రాయడానికి మీకు చోటు దొరకలేదా?

అమెరికాలో 2009లో చట్టం చేసి మరీ రాయించారు. కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఎన్నాళ్లు పడుతుందో, 36 నెలల్లో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో స్టేట్‌మెంట్‌లోనే చూపించాలి. నా స్టేట్‌మెంట్‌లో ఆ రెండో అంకె కోసం వెతికాను. దొరకలేదు. "ఏళ్ల తరబడి సాగవచ్చు" అన్న హెచ్చరిక మాత్రం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అదే 2009లో బ్రిటన్ పరిశోధకుడొకరు అచ్చేసిన ప్రయోగం కూడా మీ ఘనతను చాటుతుంది. బిల్లు మీద మీ అంకె కనిపిస్తే, మొత్తం కట్టలేని జనం, మీరు అసలు లేనప్పటికన్నా తక్కువ కడతారట. ఊరికే కూర్చునే ఇంత పని చేస్తున్నారన్నమాట.

ఇంకో సంగతి. బాకీ పూర్తిగా కట్టకపోతే, కొత్తగా కొన్నవాటికి బిల్లు కట్టే తేదీ దాకా ఇచ్చే వడ్డీ లేని గడువు కూడా ఎగిరిపోతుంది, ఇవాళ కొన్నదానికి ఇవాళ్టి నుంచే వడ్డీ. ఇది కార్డు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, పోనివ్వండి.

మీ బంధువర్గాన్ని కూడా కలిసొచ్చాను. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ గారు ఈ కార్డు బాకీని ఇంకో కార్డుకి మార్చి, ముందే ఫీజు పుచ్చుకుని, కొన్ని నెలలు వడ్డీ మినహాయిస్తారు. గడువు దాటిన మర్నాడు అచ్చం మీలాగే మారిపోతారు. "బ్యాంకుకి కట్టడం ఆపేయండి, మాకు ఫీజు కట్టండి, సగానికి తెగ్గొడతాం" అనే కంపెనీ వాళ్ల గురించి చెప్పుకోవడం కూడా దండగ. సెటిల్‌మెంట్ నిజంగా కుదిరినా, క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" అని పడదు, "సెటిల్డ్" అని, అంటే పూర్తిగా కట్టలేదని పడుతుంది. రేపు ఇంటి లోను అడిగినప్పుడు ఆ మాటే ముందు కనిపిస్తుంది. వడ్డీకి కూడా చాలని జీతంతో దివాలా పిటిషన్ దాకా వెళ్లే వాళ్లను మాత్రం నేను ఏమీ అనను, అది వాళ్ల హక్కు. ఉన్నవాళ్లలో నాకు కాస్త మనిషిలా అనిపించింది పర్సనల్ లోనే. తక్కువ వడ్డీకి దొరికితే తీసుకుని కార్డు బాకీ కట్టేయొచ్చు. దానికి ఆఖరి ఈఎంఐ తేదీ అని ఒకటి ఉంటుంది.

మీకు ఆఖరి తేదీ ఉందా? లేదు. ఉండకూడదనే కదా మిమ్మల్ని పుట్టించింది! మనిషి మునగకూడదు, ఒడ్డుకీ చేరకూడదు, గొంతు దాకా నీళ్లలో నిలబడి నెలనెలా థాంక్యూ మెసేజ్ అందుకోవాలి. ఇంత దుర్మార్గానికి ఆ ఆకుపచ్చ రంగొకటి! ఆ కాగితం పూలొకటి!

సరే, ఆవేశపడ్డాను. వినండి. ఆటో పేలో మిమ్మల్ని తీసేసి స్థిరమైన అంకె పెట్టాను. మీరు ఎంత తగ్గినా అది తగ్గదు. కార్డు అన్ని యాప్‌ల నుంచీ తీసేశాను. పెంచిన లిమిట్ వద్దని కూడా రాశాను. పెంచడానికి నన్ను అడగనివాళ్లు, తగ్గించడానికి మాత్రం రిక్వెస్ట్ నంబరిచ్చి, ఏడు పనిదినాలు ఆగమన్నారు.

ఇంకో కార్డు ఉంది, దాని వడ్డీ కాస్త తక్కువ. ఎక్కువ వడ్డీదాన్ని ముందు తీర్చాలని నా లెక్క. చిన్న బాకీని ముందు తీరిస్తే మనసుకి ఊరటగా ఉంటుందంటారు కొందరు. లెక్కలో నష్టమైనా, ఆ ఊరటతోనే చివరిదాకా నిలబడేవాళ్లు ఉంటారు, కాదనను. ఏదైనా ఈ కార్డు తీరేదాకా ఆ రెండోదానికి మిమ్మల్నే కట్టాలి. లేకపోతే లేట్ ఫీజు, క్రెడిట్ స్కోరు పడిపోయే గోల. కాబట్టి అక్కడ కొన్నాళ్లు మనిద్దరికీ తప్పదు. వస్తారు, పుచ్చుకుంటారు, వెళ్తారు. కాగితం పూలు మాత్రం వద్దు.

ఇట్లు,
మూడో గడిలో అంకె టైపు చేసుకుంటున్న మీ ఖాతాదారు