జీర్ణోద్ధరణకు ముందు ఒకసారి అరెని చూడండి

విదేశాల్లోని మన తెలుగు సంఘాల్లో విరాళాల మాట వస్తే సొంతూరి గుడి జీర్ణోద్ధరణ ముందు వరుసలో ఉంటుంది. పాత రాతి స్తంభాలకు ఎనామిల్ రంగు, గర్భగుడి గోడలకు మెరిసే టైల్సు, గుమ్మం పక్కన దాతల పేర్లతో నిలువెత్తు నల్లరాతి ఫలకం. చాలా చోట్ల తంతు ఇదే. చెక్కు రాసే ముందు ఆర్మేనియాలోని అరెని గ్రామపు చర్చి గురించి తెలుసుకోవాలంటాను.

అర్పా నది లోయలో, ఎర్రటి కొండల నడుమ ఉన్న ఈ దేవమాత చర్చిని 1321లో మోమిక్ కట్టాడు. ఆయన వాస్తుశిల్పే కాదు, సువార్త ప్రతులకు బొమ్మలు వేసిన చిత్రకారుడు కూడా. ఆ వేళ్ల పనితనం రాతిలోనూ తెలుస్తుంది. పడమటి ద్వారం పైన బిడ్డతో మరియ కూర్చుని ఉంటుంది. లోపల గుమ్మటం కింది నాలుగు మూలల్లో సువార్తలు రాసిన నలుగురి చిహ్నాలున్నాయి: మనిషి, సింహం, ఎద్దు, గద్ద. 1840 భూకంపంలో గుమ్మటం కూలిపోయింది. దాన్ని సుమారు నూట ముప్పై ఏళ్ల తర్వాత తిరిగి లేపింది ఎప్పుడనుకున్నారు? దేవుడే లేడన్న సోవియట్ ప్రభుత్వ హయాంలో! భక్తి లేకపోయినా రాతి విలువ తెలిసినవాళ్లు. ద్వారం మీద మరియ ఇప్పటికీ మోమిక్ చెక్కిన మరియే.

అంతకన్నా నాకు నచ్చింది ఆ ఊరు. అరెని అనగానే ఆర్మేనియన్లకు గుర్తొచ్చేది నల్లద్రాక్ష. ఊరి దగ్గరి గుహలో ఆరు వేల ఏళ్ల నాటి వైన్ తయారీ తొట్టె బయటపడింది. ఆగస్టు మధ్యలో దేవమాత పండుగకు ఆర్మేనియన్ చర్చిల్లో ద్రాక్షను దీవిస్తారు. అంతవరకు కొత్త ద్రాక్ష నోట పెట్టకూడదన్నది పాత ఆచారం, మనం కొత్త బియ్యం ముందు దేవుడికి పెట్టినట్టు.

జనం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే చెన్నై చాలు. ఆర్మేనియన్ వీధిలో 1772 నాటి చర్చి చక్కగా ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ను 1794లో మద్రాసులో అచ్చువేసిన హరుత్యున్ ష్మవొన్యన్ సమాధి అక్కడే ఉంది. పరాయి గడ్డ మీద సొంత భాషలో పత్రిక నడిపే మనకు ఆయన దగ్గరివాడే. కానీ ఆ చర్చిలో వారం వారం ఆరాధన లేదు. చేసుకోవడానికి అక్కడ ఆర్మేనియన్లే దాదాపు మిగల్లేదు.

అందుకే, విరాళంలో సగం పాత రాయి సంగతి తెలిసిన స్థపతికి ఇద్దాం. మిగతా సగం అర్చకుడి జీతానికి, ఏటేటా జరిగే ఉత్సవానికి వెళ్లాలి. ఫలకం సంగతంటారా, చిన్నది ఒకటి చాలు, అదీ ప్రహరీ గోడ మీద.