రెండూ పరిమితిలోనే ఉన్నా పేలుతుంది

ఫ్యాక్టరీ సేఫ్టీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం: “గ్యాస్ దాని కింది పరిమితి దాటలేదు, దుమ్ము కూడా దాటలేదు. ఇక పేలుడు ఎక్కడిది? టెన్షన్ పడొద్దు.” (కింది పరిమితి అంటే అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదు.) కింద కొన్ని ‘ఆధారాలు’ కూడా ఇచ్చారు. అంకెలున్నాయి కాబట్టి జనం నమ్మేస్తున్నారు.

“మీథేన్ 5 శాతం లోపు, బొగ్గు దుమ్ము ఘనమీటరుకు 60 గ్రాముల లోపు ఉంటే అంటుకోవు” అన్నది మొదటి ఆధారం. విడివిడిగా అయితే దాదాపు నిజమే, దుమ్ము అంకె మాత్రం బొగ్గు రకాన్ని, రేణువు సైజును బట్టి మారుతుంది. తప్పంతా రెంటినీ విడివిడిగా చూడటంలోనే ఉంది. మంటకు ఇంధనం కావాలి. అది గ్యాస్ నుంచి సగం, దుమ్ము నుంచి సగం వచ్చినా దానికి ఒకటే. మీథేన్ 2.5 శాతం, దుమ్ము 30 గ్రాములు ఉన్నాయనుకోండి. ఒక్కోటి తన పరిమితిలో ఎన్నో వంతు ఉందో చూసి కూడే లె షాటెలియే సూత్రం ప్రకారం సగానికి సగం కలిసి ఒకటి, అంటే అప్పటికే గీత మీద ఉన్నాం. పేలుళ్ల పరిశోధకుడు బార్ట్‌నెక్ట్ ప్రయోగాల నుంచి గీసిన వక్రరేఖ ఇంకా భయపెడుతుంది: గ్యాస్ సగం ఉంటే దుమ్ము నాలుగో వంతు, అంటే 15 గ్రాములు చాలు. కొన్ని జోడీలు దానికంటే తక్కువలోనూ అంటుకున్నాయి. అందుకే అమెరికా అగ్నిరక్షణ సంస్థ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 68, గ్యాస్, దుమ్ము చెరొకటి తమ పరిమితిలో 10 శాతానికి చేరగానే దాన్ని మిశ్రమంగా లెక్కిస్తుంది. మెసేజ్ రాసినవారు 100 శాతం దాకా ఆగమంటున్నారు!

“పొడి అంటుకోవాలంటే పెద్ద నిప్పు కావాలి, స్టాటిక్ (రాపిడితో పేరుకునే విద్యుత్తు) చాలదు.” పొడి ఒక్కటే అయితే చాలాసార్లు నిజమే. చాలా పొడులకు పదుల మిల్లీజౌళ్ల శక్తి కావాలి. మీథేన్‌కు, టోలీన్ అనే సాల్వెంట్ (ద్రావణి) ఆవిరికి మాత్రం పావు మిల్లీజౌల్ చుట్టుపక్కల చాలు. అవి కాస్త కలిసినా మిశ్రమాన్ని అంటించడానికి కావలసిన శక్తి వేగంగా పడిపోతుంది. మనిషి ఒంటి మీద పేరుకున్న స్టాటిక్‌కే పది మిల్లీజౌళ్ల స్థాయి స్పార్క్ ఇచ్చే సత్తా ఉంది. ఇక సాల్వెంట్ ఉన్న రియాక్టర్‌లోకి మ్యాన్‌హోల్ నుంచి ప్లాస్టిక్ సంచితో పొడి పోసే పనిని ఊహించండి. పోస్తుంటేనే సంచి, పొడి చార్జ్ అవుతాయి, ఎదురుగా ఆవిరి ఉంటుంది. ఎర్తింగ్ ఒక్కటే దీనికి మందు కాదు, ఎందుకంటే ప్లాస్టిక్ సంచిని ఎర్త్ చేయలేం. ముందే నైట్రోజన్ నింపి లోపలి ఆక్సిజన్‌ను తగ్గించాలి, పొడిని మూసిన పద్ధతిలో పంపాలి.

“కాస్త గ్యాస్‌కు పేలుడు తీవ్రత మారదు” అన్నదానికి జవాబు చిన్నదే. గరిష్ఠ పీడనం అంతగా పెరగకపోవచ్చు, కానీ పీడనం పెరిగే వేగం బాగా పెరగవచ్చు. ఒట్టి దుమ్ముకు లెక్క వేసిన వెంట్ (పేలుడు పీడనాన్ని బయటికి వదిలే మార్గం) తెరుచుకున్నా సరిపోకపోవచ్చు.

“నేల మీది దుమ్ము ప్రమాదం కాదు.” ఇది అన్నిటికంటే ఖరీదైన తప్పు. ఘనమీటరుకు 500 కిలోల సాంద్రత ఉన్న దుమ్ము 1 మిల్లీమీటరు మందాన పేరుకుని, 5 మీటర్ల ఎత్తు గదిలో లేచిందంటే ఘనమీటరుకు 100 గ్రాములవుతుంది. లేపడానికి ఒక చిన్న గ్యాస్ పేలుడు చాలు. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ బొగ్గు గనిలో 2010 ఏప్రిల్ 5న జరిగింది అదే: మొదట మీథేన్ అంటుకుంది, తర్వాత బొగ్గు దుమ్ము. 29 మంది చనిపోయారు. పేలుళ్లలో బొగ్గు దుమ్ము పాత్ర ఉందని 1844లో ఇంగ్లండ్‌లోని హాస్వెల్ గని ప్రమాదాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు ఫారడే, లయెల్ అప్పుడే చెప్పారు. అమెరికా నిబంధన ప్రకారం బొగ్గు గనిలో పేరుకున్న దుమ్ములో సున్నపురాతి పొడిలాంటి మండని పదార్థం కనీసం 80 శాతం ఉండాలి. గాలిలో మీథేన్ ఉన్న ప్రతి 0.1 శాతానికీ అది మరో 0.4 శాతం పెరగాలి. చట్టమే రెంటినీ కలిపి లెక్కిస్తోందన్నమాట.

చివరగా “డిటెక్టర్ మోగలేదంటే పని ఆపక్కర్లేదు” అన్నారు. గ్యాస్ డిటెక్టర్‌కు దుమ్ము కనిపించదు. పైగా దుమ్ము దాని ఫిల్టర్‌ను మూసేస్తే గ్యాస్ కూడా కనిపించదు. దుమ్ము ఉన్నచోట అలారం స్థాయిని బాగా తగ్గించి పెట్టుకోవాలి, టెస్ట్ గ్యాస్‌తో సెన్సర్‌ను తరచూ సరిచూసుకోవాలి.