సవరణ: యానిస్ పుట్టింది నైజీరియాలో కాదు

బాస్కెట్‌బాల్ ఆటగాడు యానిస్ ఆంటెటోకుంపో నైజీరియాలో పుట్టాడని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు. అక్కడి నుంచి వలస వచ్చింది అమ్మానాన్నలు. అతను 1994లో ఏథెన్స్‌లోనే పుట్టాడు. గ్రీసులో పుట్టినా గ్రీకు పౌరసత్వం వచ్చింది మాత్రం 2013లో. అన్నతో కలిసి వీధుల్లో వాచీలు, కళ్లజోళ్లు అమ్మి ఇంటికి ఆసరా అయ్యాడన్నది నిజమే.

ఇంకోటి. ఆటలో వైఫల్యం అంటూ ఉండదని అతను అన్నది, ఆ పోస్టులో రాసినట్టు 2021లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టైటిల్ గెలిచాక కాదు. 2023లో అతని జట్టు మిల్వాకీ బక్స్ టైటిల్ పోరు మొదటి రౌండ్‌లోనే మయామీ జట్టు చేతిలో ఓడాక, ఈ సీజన్ వైఫల్యమేనా అని ఒక విలేకరి అడిగితే అన్నాడు. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్ 15 ఏళ్లు ఆడి 6 టైటిళ్లు గెలిచాడు, మిగతా 9 ఏళ్లూ వైఫల్యమేనా అని ఎదురు అడిగాడు. గెలిచాక అన్నాడని రాసి ఆ మాట బరువే తగ్గించేశాను. క్షమించండి.