ఐరిష్ తిరుగుబాటు పాటలు తాగుబోతుల కేకలు కావు

మా పాత పాటల వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు. అందులో ఉన్నది ఇదీ: ఐరిష్ తిరుగుబాటు పాటలన్నీ (బ్రిటిష్ పాలనను ఎదిరిస్తూ ఐర్లాండ్ వాళ్లు పాడుకునేవి) వందల ఏళ్ల నాటివి, ఎవరు రాశారో తెలియదు. వాటి లైవ్ రికార్డింగులు పబ్బుల్లో తాగినవాళ్ల అరుపులు, స్టూడియోలో పాడినవే అసలైనవి. ఇప్పుడు ఐర్లాండ్‌లో వీటిని ఎవరూ వినరు. అన్నిటికీ మించి, ఇవి ప్రొటెస్టెంట్ల మీద కాథలిక్కులు వెళ్లగక్కిన మతద్వేషం.

ఎవరూ వినరా? 2020 జనవరిలో ఐరిష్ గాయక బృందం వుల్ఫ్ టోన్స్ పాడిన 'కమ్ అవుట్ యే బ్లాక్ అండ్ టాన్స్' ఐర్లాండ్ ఐట్యూన్స్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. దాన్ని రాసింది డొమినిక్ బీహన్. ఇరవయ్యో శతాబ్దపు మనిషే, ఊరూ పేరూ ఉన్నవాడే. వందల ఏళ్ల మాటకు కూడా జవాబు ఇందులోనే ఉంది.

లైవ్ రికార్డింగుల సంగతి. 1966 ఏప్రిల్ చివర్లో డబ్లినర్స్ బృందం డబ్లిన్‌లోని గేట్ థియేటర్లో పాడుతుండగా ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. అది పబ్బు కాదు, నాటకశాల. అంతకు ఏడు వారాల ముందు, మార్చి 8న, అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోని ఓకానెల్ వీధిలో బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ స్తంభాన్ని బాంబుతో కూల్చారు. స్టేజీ మీద డబ్లినర్స్ ఆ స్తంభం మీద పాటే అందుకున్నారు. హాల్లో కూర్చున్నవాళ్లు నిన్నమొన్నటిదాకా దాని పక్కనుంచి నడిచినవాళ్లు. వాళ్ల సందడి తీసేస్తే ఆ రికార్డులో సగం పోయినట్టే. వంతలు లేకుండా కథకుణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి ఇదే అసలైన బుర్రకథ అంటే మనం ఒప్పుకుంటామా?

నాకు నిజంగా కోపం తెప్పించింది మతం మాట. వుల్ఫ్ టోన్స్ తమ పేరు ఎవరి నుంచి తీసుకున్నారు? 1798 తిరుగుబాటు నాయకుడు థియోబాల్డ్ వుల్ఫ్ టోన్ నుంచి. ఆయన ప్రొటెస్టెంటు. 1791లో బెల్‌ఫాస్ట్‌లో ఆయనతో కలిసి యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం పెట్టినవాళ్లలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లు, అంటే ప్రొటెస్టెంట్లలోనే ఒక శాఖవాళ్లు. 1798లో బెల్‌ఫాస్ట్‌లో ఉరికంబమెక్కిన హెన్రీ జాయ్ మెక్రాకెన్ కూడా ప్రెస్బిటేరియనే, ఆయన మీద పాటలు ఈ రోజుకీ పాడుతున్నారు. 1840లలో 'ఎ నేషన్ వన్స్ అగైన్' రాసిన థామస్ డేవిస్ కూడా ప్రొటెస్టెంటే. 2002లో బీబీసీ వరల్డ్ సర్వీస్ పోల్‌లో వందేమాతరానికి రెండో స్థానం వచ్చిందని మన గ్రూపులోనే ఎంత సంబరపడ్డాం! మొదటి స్థానం ఈ పాటదే, వుల్ఫ్ టోన్స్ గొంతులో. బ్రిటిష్ పాలనను సమర్థించే ప్రొటెస్టెంట్ ఆరెంజ్ వర్గం వాళ్ల సరదా పాట 'ది ఓల్డ్ ఆరెంజ్ ఫ్లూట్'ను డబ్లినర్స్ కూడా పాడారు. ద్వేషమే ఉంటే ఎదుటివాళ్ల పాట ఎందుకు పాడతారు? మతం పేరుతో తిరిగే మెసేజ్‌లు మన ఊళ్లలో ఏం చేస్తున్నాయో చూస్తూ కూడా, ఎక్కడో ఉన్న జనం మీద అదే ముద్ర వేసి ఎలా పంపగలుగుతున్నారు?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. 2022 అక్టోబరులో స్కాట్లాండ్‌పై గెలిచిన ఐర్లాండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లో వుల్ఫ్ టోన్స్ పాట ఒకటి అందుకుంది. అందులో ఐఆర్ఏకు, అంటే బ్రిటిష్ పాలన మీద ఆయుధాలు పట్టిన ఐరిష్ సంస్థకు, జై కొట్టే ముక్క ఉంది. దానికి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ఐర్లాండ్ ఫుట్‌బాల్ సంఘానికి 20,000 యూరోల జరిమానా వేసింది. జట్టు క్షమాపణ కూడా చెప్పింది. ఐఆర్ఏ బాంబుల్లో అమ్మనో కొడుకునో పోగొట్టుకున్న ఇంట్లో, వేల గొంతులు ఒక్కసారిగా ఆ ముక్క అరుస్తుంటే ఎలా వినబడుతుంది? లైవ్ రికార్డింగులో నాకు నచ్చే ఆ బలమే వాళ్లను గాయపరుస్తుంది. ఆ పాట వస్తే నేనూ మార్చేస్తాను. మెసేజ్‌లో ఆ కుటుంబాల బాధ రాసి ఉంటే అందరికంటే ముందు నేనే పంపేవాణ్ణి. మతద్వేషం అని రాశారు, అందుకే ఇంత రాయాల్సి వచ్చింది.