ఫైనాన్స్ డిప్లొమా దొరగారికి

శ్రీ ఏడాది పీజీ డిప్లొమా ఇన్ ఫైనాన్స్ దొరగారికి,

దండాలు. దేవుని పటాల పక్కన, గాజు ఫ్రేముల తమరు చల్లగ ఉన్నరని కింద కూసున్న మాకు కనబడుతనే ఉన్నది.

తమరి దగ్గర చేరిన కొత్తల మా కాకకు చెప్పిన, ఫైనాన్స్ చదువుతున్ననని. కాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించిండు. "డైలీ ఫైనాన్సా, బండ్ల ఫైనాన్సా?" వరంగల్ల ఆ మాటకున్న అర్థాలు ఆ రెండే. ఒకటి, పొద్దూకంగ చిన్న దుకాణాల కాడ నోటుబుక్కు పట్టుకొని తిరుగుడు. రెండోది, కిస్తు కట్టనోని బండి గుంజుకొచ్చుడు. "గది కాదు కాకా, వెయిటెడ్ యావరేజ్ కాస్ట్ ఆఫ్ క్యాపిటల్" అన్న. "అయితే బండ్లదే" అని ఖాయం చేసుకున్నడు.

తమరిని ఎందుకు ఎంచుకున్ననో కూడా చెప్పుకోవాలె. ఎంబీఏల చేరేటందుకు రాసే ఐసెట్ పరీక్షను ఏండ్ల తరబడి పెట్టింది మా కాకతీయ యూనివర్సిటే. ఇంటి ముందటి యూనివర్సిటీ పెట్టిన పరీక్షల మంచి ర్యాంకు రాకపోవుడు మాకు ఆనవాయితీ. రెండేండ్ల ఎంబీఏ ఏడాదిల అయిపోతదని హన్మకొండల బోర్డు చూసి, సాయంత్రం క్లాసులకు ఒచ్చిన. ఫీజు 60,000. మా మేనత్త ఇచ్చింది, నూటికి రెండు రూపాయల మిత్తి. అంటే నెలకు 1,200.

మొదటి వారమే తమరు ఆ మిత్తి సంగతి ఎత్తుకున్నరు. నెలకు రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు కాదట. మిత్తికి మిత్తి కడితే 26.82 అట. ఇంటికొచ్చి అత్తకు సంబురంగ చెప్పిన. ఆమె మస్తు మెచ్చుకున్నది. వచ్చే నెల నుంచి అట్లనే లెక్క గడుదామన్నది. చదువు ఎక్కడ చెప్పాలె, ఎక్కడ చెప్పొద్దు అనేది తమరి సిలబస్‌ల లేదు దొరా.

ఇగ చిట్టి ముచ్చట. మా వాడకట్టు చిట్టి ఇరవై మందిది, నెలకు 5,000, లక్ష చిట్టి. ఏడో నెల పాటకు అమ్మ వెంట నేను కూడా పోయిన. లక్షల పదిహేడు వేలు ఒదులుకుంటనని అమ్మ పాడింది. అవతలామె పద్దెనిమిది అన్నది. అమ్మ చీర కొంగు సర్దుకొని ఊకున్నది. చిట్టి ఆమెకు పోయింది. ఆ పద్దెనిమిదిల నడిపే ఆమె కమీషన్ 5,000 తీస్తే, మిగిలిన 13,000 ఇరవై మందికి పంచంగ తలా 650. ఆ నెల అందరు 4,350 కడితే చాలు. ఇదంతా చాయ చల్లారే లోపల, కాగితం లేకుంట అయిపోయింది.

"ఎందుకు ఆగినవే?" అని తొవ్వల అడిగిన.

"పద్దెనిమిదికి లేపితే మూడు రూపాయల మిత్తి పడ్డట్టేరా. అంతకన్న మీ అత్త నయం."

రాత్రి కంప్యూటర్ తెరిచి, ముందటి పాటలు రాసుకొని, వచ్చే పాటలు అంచనా ఏసుకొని, ఎంత మిత్తి పడ్డట్టో తేల్చే, తమరు నేర్పిన ఐఆర్ఆర్ లెక్క కట్టిన. గంటన్నర పట్టింది. మూడుకు రవ్వంత తక్కువ వచ్చింది. పొద్దున చెప్తే "ఆ రవ్వంత నీ ఫీజు" అన్నది.

1982 చిట్‌ఫండ్ చట్టంల నడిపేటోళ్ల కమీషన్‌కు హద్దు 5 శాతముండేదని, 2019 సవరణల 7 చేసిన్రని కూడా చెప్పిన. అమ్మ గబుక్కున తలుపు దగ్గరికేసింది. "ఏడు సంగతి బయట అనకు. ఆమె ఇన్నదంటే రేపే పెంచుతది."

అర్థశాస్త్రం పండితుడు మార్కోవిట్జ్ గురించి ఎక్కువ చెప్ప. పెట్టుబడిని ఒక్కసారే పడిపోని వాటి నడుమ పంచాలని 1952ల రాసిండు, 1990ల నోబెల్ ఇచ్చిన్రు. మా బాపుకు రెండెకరాల పత్తి, అరెకరం మిర్చి, ఒక బర్రె. గట్టి వాన కొడితే పత్తీ మిర్చీ కలిసే పోతయి గనుక బర్రె. ముప్పై ఏండ్ల సంది ఇదే పద్ధతి. మార్కోవిట్జ్ ముప్పై ఎనిమిదేండ్లు ఆగిండు, బాపు ఇంకో ఎనిమిదేండ్లు ఆగాలె. ప్రైస్ డిస్కవరీ, అంటే ధర ఎట్ల తేలుతదనే పాఠానికి కూడా సార్ రెండు గంటలు తీసుకున్నడు. ఎనుమాముల మార్కెట్ల పొద్దుగాల్ల పంటకు ధర తేల్చే జెండా పాట కాడ నిలబెడితే అయిపోయేది.

పట్టా చేతికొచ్చినంక ఇంటర్వ్యూకు పోయిన. రాత్రంతా మార్కెట్‌తోని షేరు ఎంత ఊగుతదో చెప్పే బీటా, ఆప్షన్లకు ధర కట్టే 1973 నాటి బ్లాక్-షోల్స్ సూత్రం బట్టీ పట్టిన. లోపల కూసున్నాయన తమరిని తిప్పి కూడా చూడలే. "చుట్టాలు ఎంతమంది ఉంటరు?" అన్నడు. అమ్మ దిక్కు, బాపు దిక్కు కలిపి నలభై అన్న. "అండ్ల నౌకరీ ఉన్నోళ్లు?" ఇద్దరు. ఫోన్ చేస్తమన్నరు. నేను సెల్లుకు చార్జింగ్ తక్కువ కానిస్తలేను.

అందుకే మొన్న తమరి లెక్క తమరి మీదనే ఏసి చూసిన. తమరి పుస్తకాలల్ల ప్రతి లెక్కల "సంవత్సరాంతమున రాబడి రూ. 40,000 అనుకొనుము" అని ఉంటది. ఆ అనుకొనుము ఉన్నంతసేపు నాకు ఏ లెక్కా తప్పలే. ఇప్పుడు ఎక్సెల్‌ల మైనస్ 60,000 కొట్టిన. దాని కింద పద్నాలుగు నెలలకు పద్నాలుగు సార్లు మైనస్ 1,200. ప్లస్ ఏదన్న ఉన్నదా అని జేబులన్ని ఎతికి, ఐఆర్ఆర్ అడిగిన. తెర మీద హ్యాష్ గుర్తు పెట్టి "నమ్!" అని పడ్డది. వచ్చుడు లేకుంట పోవుడే ఉంటే దానికి రేటు కట్టరాదట.

అమ్మ ఎనుక నిలబడి చూస్తున్నది. "ఏమంటాందిరా?"

"నమ్ అంటాంది."

"నమ్ము అంటాందా, నమ్మకు అంటాందా?"

ఇట్లు,
తమరి పాత విద్యార్థి,
హన్మకొండ.

తా.క. తమరి ఫ్రేముకు అయిన 350 కూడా కింద వరుసల మైనస్‌తోని కలిపిన. జవాబు మారలే.