ప్రథమా విభక్తి మహిమ

మొన్న మళ్లీ చదివాను. గోల్ఫ్‌లో మేజర్ టైటిల్ (ఏటా జరిగే అతి పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిచిన తొలి జపాన్ క్రీడాకారుడు హిడెకి మట్సుయామా అట. 2021 ఏప్రిల్‌లో ఆయన అమెరికాలోని అగస్టాలో మాస్టర్స్ అనే మేజర్ గెలిచిన నాటి నుంచి ఈ వాక్యం నా కంట్లో నలుసులా పడుతూనే ఉంది.

ముందు కోపమొచ్చింది. తర్వాత చిన్నప్పటి వ్యాకరణం గుర్తొచ్చి శాంతించాను. డు, ము, వు, లు ప్రథమా విభక్తి. "క్రీడాకారుడు" చివర "డు" ఉంది కదా, ఇక ప్రథముడు కాక ఏమవుతాడు? ఎవరు ముందో తేల్చడానికి మనకి ఏకంగా ఓ విభక్తే ఉందని ఆనాడు పంతులుగారు బెత్తం చూపించి మరీ చెప్పారు. నాకే ఎక్కలేదు.

ఆ "డు" చాటున ఉండిపోయిన ఆవిడ పేరు హిసాకో హిగుచి. 1945లో కవాగోయెలో పుట్టారు. 1977లో అమెరికా వెళ్లి మహిళల ఎల్‌పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచారు. అదీ మేజరే. అప్పటికి మట్సుయామా పుట్టడానికి ఇంకా దాదాపు 15 ఏళ్లుంది. ఆవిడ స్వింగ్, అంటే కర్ర ఊపి బంతిని కొట్టే తీరు, చూస్తే కోచ్‌లకి టెన్షన్. కర్ర వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో ఒళ్లంతా కుడివైపుకి జరిగిపోయేది. పుస్తకం ప్రకారం అలా కొడితే బంతి చెరువులో పడాలి. ఆవిడ మాత్రం 2003లో ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పడ్డారు.

తర్వాత 2019లో హినాకో షిబునో. ఇరవై ఏళ్ల పిల్ల. జపాన్ దాటి ఆడిన మొదటి టోర్నీకే, నవ్వుకుంటూ, మధ్యమధ్యలో చిరుతిళ్లు నములుతూ మహిళల బ్రిటిష్ ఓపెన్ పట్టుకుపోయింది. ఈ వరసన మట్సుయామా మూడోవాడు. న్యాయంగా ఆయనకి దక్కాల్సింది తృతీయా విభక్తి. చేతన్, చేన్, తోడన్, తోన్.

ఆయన్ని ఒక్క మాట అనను. పెళ్లయిందనీ, కూతురు పుట్టిందనీ 2017లో బయటపెట్టి, ఎవరూ అడగలేదు కాబట్టే చెప్పలేదన్న మనిషి. మాస్టర్స్ గెలిచినందుకు ఇచ్చిన పచ్చకోటుని ఎయిర్‌పోర్టులో కుర్చీ మీద వేసుకుని విమానం కోసం మామూలుగా కూర్చున్న మనిషి. ఆయన కర్రల సంచి మోసే క్యాడీ ఖాళీ మైదానానికి వంగి నమస్కరిస్తే లోకం కళ్లు చెమర్చాయి. కళ్లు తుడుచుకున్నాక లెక్క చూసుకునే తీరికే ఎవరికీ దొరకలేదు.

కవాగోయె అన్నాను కదా. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్ జరిగిన కసుమిగసెకి కంట్రీ క్లబ్ ఆ ఊళ్లోనే ఉంది. 2017 దాకా అక్కడ ఆడవాళ్లకి పూర్తి సభ్యత్వం లేదు, ఆదివారాలు ఆట లేదు. ఒలింపిక్ కమిటీ పట్టుబట్టాకే దారికొచ్చారు.

ఊహించుకోండి. 1980లో ఓ ఆదివారం. ఆ ఊళ్లో పుట్టిన ఓ చాంపియన్, చేతిలో కప్పుతో గేటు దగ్గర.

"ఆడుకోవాలండీ."

"ఇవాళ ఆదివారమమ్మా."

"నేను మేజర్ గెలిచాను. దేశంలో మొదటిదాన్ని."

"మొదటాయన ఇంకా పుట్టలేదు తల్లీ. పుట్టాక ఆయన్ని వెంటబెట్టుకుని రండి."

"పోనీ, ఈ కప్పు?"

కాపలాదారు కప్పుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. వస్తువు కదా, అమహద్వాచకం. "దీనికి అభ్యంతరం లేదు. లోపల పెట్టేస్తాను, మీరు వెళ్లండి."

నవ్వొస్తోందా? నాకు రావడం లేదు. 2021 ఆగస్టులో ఆ మైదానంలోనే సమంగా నిలిచిన ఏడుగురు కాంస్యం కోసం ప్లేఆఫ్ ఆడితే మట్సుయామాకి దక్కలేదు. వారం తిరక్కుండా మోనె ఇనామి అక్కడే వెండి పతకం కొట్టింది. ఒలింపిక్ గోల్ఫ్‌లో జపాన్‌కి అదే మొదటి పతకం. మరో ఐదేళ్లు ముందు వచ్చి ఉంటే ఆ గడ్డి మీద ఆదివారం కాలు పెట్టనిచ్చేవారు కాదు. (పతకం వచ్చింది శనివారం. బతికిపోయారు.) 2024లో యూకా సాసో, అయాకా ఫురుయె, 2025లో మావో సైగో, మియు యమాషిత వరసపెట్టి మేజర్లు గెలిచారు. ఆ ఏడాది చివరికి మగవాళ్ల ఖాతాలో ఉన్నది ఆ ఒక్కటే. ఒక్కటి! ఇంతమంది ఆడవాళ్లని పక్కకి తోసి, ఆ ఒక్క మగవాణ్ణి ముందు నిలబెట్టి, దానికి చరిత్ర అని పేరు పెడుతున్నారు. సిగ్గుండాలి.

పత్రిక డెస్కులో పనిచేసే మిత్రుణ్ణి అడిగాను, "తొలి పురుష గోల్ఫర్" అని రాస్తే ఏం పోయిందని. హెడ్డింగులో మూడక్షరాలు ఎక్కువవుతాయన్నాడు.

షిబునో గెలిచినప్పుడు "మహిళ" అని ఎలా పట్టించారని అడిగాను. అవీ మూడే కదా. ఫోన్ పెట్టేశాడు.